శుక్రవారం అని చదివాను

ఇరవై ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ఉంది. మింగలేదు, బయటికి అనలేదు. అన్నం తింటున్నా అక్కడే ఉంది, బతుకమ్మ చుట్టూ తిరిగి పాడుతున్నా అక్కడే ఉంది. ఇన్నాళ్లూ ఎవరికైనా చెప్పాలంటే నోటితో చెప్పాలి, చెబుతూ వాళ్ల ముఖం చూడాలి. అది నా వల్ల కాలేదు. ఇప్పుడు నాకు నాలుగు అక్షరాలు వచ్చాయి. మీ ముఖం నాకు కనిపించదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మాది దేవరుప్పుల దగ్గర ఒక పల్లె. కొంరక్క నాకు తోడబుట్టిన అక్క కాదు, చుట్టం కాదు. పక్కింటి కోడలు. ఇద్దరం ఒకే ఏడు ఆ ఊరికి కాపురానికి వచ్చాం. నాట్లకైనా కలుపులకైనా ఒకే వరుసలో, పక్కపక్కనే వంగేవాళ్లం. నా బిడ్డ స్వరూప పుట్టింది పొలం గట్టు మీద. నాటు వేస్తుండగా నొప్పులు మొదలయ్యాయి, ఇంటిదాకా పోయే వ్యవధి లేదు. ఆడవాళ్లు చీర కొంగులు అడ్డం పట్టారు. కొంరక్క బురద చేతులు కాలువలో కడుక్కుని వచ్చి బిడ్డను అందుకుంది. నేను వణుకుతూ ఏడుస్తుంటే నవ్వించింది.

"ఆసామి ఒక్కదాన్ని నాటుకు పిలిస్తె ఇద్దరొచ్చినరే పిల్లా!"

తర్వాత తన రెండు చేతుల్లో ఉన్న బిడ్డను చూస్తూ అంది. "నా దోసిట్ల పడ్డది. దీని పెండ్లికి ఒడిబియ్యం మొదటి దోసిలి నాదే. యాదుంచుకో."

"నీదే అక్కా" అన్నాను.

ఆ మాట ఆమె మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు. మరిచిపోయి తప్పు చేసి ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో.

స్వరూపకు పదిహేడేళ్లప్పుడు కొంరక్క భర్త బావి దగ్గర మోటరు పెట్టబోయి కరెంటు షాక్‌తో చనిపోయాడు. ఆమె కొడుకును తీసుకుని ఘనపూర్‌లో ఉన్న అన్న దగ్గరికి వెళ్లిపోయింది. మూడేళ్లకు స్వరూపకు మానుకోట సంబంధం కుదిరింది. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. కార్డు ఇవ్వడానికి ఘనపూర్‌కు నేనే బస్సులో పోయాను.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. పసుపు కలిపిన బియ్యం పెళ్లికూతురి ఒడిలో ముత్తైదువలే పోయాలంటారు. కొంరక్క ముందుకు వస్తుంది. నేను వద్దనలేను. పెళ్లివారు ఏమంటారు? నా బిడ్డ కాపురానికి ఏమైనా అవుతుందా? అయినా అబద్ధం చెప్పాలని అనుకుని బస్సు ఎక్కానా? లేదనే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సంగతి కూడా గట్టిగా చెప్పలేను.

మా దగ్గర పెళ్లికి బొట్టు పెట్టి పిలుస్తారు. నా సంచిలో కుంకుమ భరిణె ఉంది. తీయలేదు. కార్డు ఒక్కటే ఆమె చేతిలో పెట్టాను. ఆమె నా సంచి వైపు చూసింది, నా వైపు చూసింది.

"బొట్టు లేకుంటె ఏంది చెల్లె, మొదటి దోసిలైతె నాదే" అని నవ్వింది. "ఎప్పుడు పెండ్లి?"

"శుక్రవారం" అన్నాను.

పెళ్లి బుధవారం.

కార్డు మీద బుధవారం అనే ఉంది. దాన్ని ఆమె చేతికి ఇస్తూనే శుక్రవారం అన్నాను. ఎందుకంటే ఆ కార్డు మా ఇద్దరికీ ఒక రంగు కాగితం, చదువు లేని ఆమె అన్నకూ కొడుక్కూ అంతే. అది నోరు తెరవదని నాకు తెలుసు. చదువు రాని ఆడది మరో చదువు రాని ఆడదాన్ని ఇంత సులువుగా మోసం చేయగలదు. చదువుకున్నవాళ్లే మోసం చేస్తారని మా ఊళ్లో అనే మాట నిజం కాదు.

బుధవారం పెళ్లి జరిగింది. స్వరూప పీటల మీద కూర్చుని రెండుసార్లు అడిగింది, "కొంరపెద్దమ్మ ఏదే అమ్మా?" అని. జ్వరమట బిడ్డా, రాలేకపోయింది అన్నాను. ఒడిబియ్యం పోసే వేళ పెళ్లివారి వైపు నుంచి ఒక పెద్దామె లేచింది. పిల్లవాడి మేనత్త. ఆమెకు భర్త లేడు, నుదుట బొట్టు లేదు. వచ్చి దోసిలి నిండా బియ్యం తీసుకుని నా బిడ్డ ఒడిలో పోసి, తల నిమిరి వెళ్లి కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. మా వియ్యపురాలు ఆమెకు మంచినీళ్లు అందించింది.

అప్పుడు నాకు తెలిసింది. నన్ను ఎవరూ అడగలేదు. ఎవరూ వద్దనలేదు. ఆ గీత నాకు నేనే గీసుకున్నాను, దాన్ని ఎవరో గీశారని ఆమెను అవతల నిలబెట్టాను.

గురువారం పొద్దున కొంరక్క వచ్చింది. శుక్రవారం పెళ్లి కదా, ఒక రోజు ముందు వచ్చి పనులు అందుకుందామని. నెత్తిన మూట. వాకిట్లో పందిరి గుంజలు పీకుతున్నారు.

"ఏంది చెల్లె, గిట్ల ఇప్పుతాండ్రు?"

"ముహూర్తం ముందుకు జరిపిండ్రు అక్కా. నీకు కబురు పంపితిమి గదా! అందలేదా?"

నేను తడబడలేదు. ఆ సంగతే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ఒక్క క్షణం కూడా తడబడలేదు.

ఆమె మూట దించి వాకిట్లోనే కూర్చుంది. విప్పి చూపించింది. తన అన్న పొలంలో పండిన బియ్యం, పసుపు కలిపి తెచ్చింది. ఐదు ఎండుకొబ్బరి కుడుకలు, పచ్చటి రవికె గుడ్డ. "పోనీ తియ్, మంచిగయ్యింది గదా, గది సాలు. బిడ్డకు పంపియ్" అంది. నీళ్లు తాగి మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. అన్నం తినమంటే ఆకలి లేదంది.

ఆ బియ్యం నేను స్వరూపకు పంపలేదు. పంపితే జ్వరం వచ్చిన మనిషి ఎప్పుడు తెచ్చిందని అడుగుతుంది. గంపలో పెట్టి మూత వేశాను. వానాకాలానికి పురుగు పట్టింది. కోళ్లకు చల్లాను. పసుపు బియ్యం కోళ్లు తింటుంటే చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఏ శుభకార్యంలోనైనా స్వరూప, కొంరక్క ఎదురుపడితే నేను పోయి ఇద్దరి మధ్య కూర్చునేదాన్ని. ఆమెకు చెప్పిన అబద్ధం, ఈమెకు చెప్పిన అబద్ధం ఒకదానికొకటి తగలకుండా. చూసినవాళ్లు ఎంత ప్రేమో అనుకునేవాళ్లు.

నా భర్త చనిపోయిన ఏడాది, అరవై దాటాక, నేను అక్షరాలు నేర్చుకున్నాను. మా ఆడవాళ్ల సంఘం గదిలో మధ్యాహ్నం పూట ఒక టీచరమ్మ నేర్పేది. మొదట నా పేరు రాశాను. తర్వాత బస్సు మీద ఊరి పేరు చదివాను. చిన్నపిల్లలా సంబరపడ్డాను. ఆ సంబరంలోనే కొంరక్కను చూడడానికి పోయాను. అప్పటికే ఆమెకు ఆయాసం, మంచం దిగడం కష్టంగా ఉంది.

"సదువు నేర్సినవట గదా! పట్వారి లెక్క కండ్లద్దాలు గూడ వెట్టినవ్!" అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దిండు కింద నుంచి ఒక కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోతున్న పెళ్లి కార్డు. "జర గిది సదువు చెల్లె. నా దోసిట్ల పడ్డ బిడ్డది."

చదివాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. స్వరూప పేరు చదివాను. అల్లుడి పేరు చదివాను. ఊరి పేరు చదివాను. వారం దగ్గరికి వచ్చాను. నా కళ్ల ముందు బుధవారం అని ఉంది.

"శుక్రవారం" అని చదివాను.

ఆమె కళ్లు మూసుకుని విన్నది. "మల్ల సదువు" అంది.

మళ్లీ శుక్రవారం అనే చదివాను.

నా చేతిలోంచి కార్డు తీసుకుని మడిచింది. తర్వాత నా చేయి పట్టుకుంది. "మంచిగ సదివినవ్ చెల్లె" అంది.

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. దినాలకు పోతే ఆమె మనవరాలు, డిగ్రీ చదివే పిల్ల, ఆ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "గిది నీకే ఇయ్యుమన్నది నానమ్మ. నా చిన్నప్పటి సంది దీన్ని నాతోని ఎన్నిసార్లు సదివిచ్చుకున్నదో" అంది.

అంటే ఆమెకు తెలుసు. నేను చదవకముందే తెలుసు. మళ్లీ చదవమన్నప్పుడు ఆమె ఏం అడిగిందో నాకు అప్పుడు అర్థమైంది. చెప్పడానికి నాకు చోటు ఇచ్చింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటి తప్పు చదువు రాక చేశాను అనుకుందాం. రెండోది? చదువు వచ్చాక, ఆ చదువుతోనే చేశాను. నాకు వచ్చిన అక్షరాలతో ఆమెకు చదివి వినిపించింది ఆ ఒక్క కార్డే.

పోయిన నెల మానుకోటలో నా మనవరాలికి, స్వరూప బిడ్డకు, చీర కట్టించిన ఫంక్షన్ అయింది. ఒడిలో బియ్యం పోసే వేళ నేను గోడ పక్కకు జరిగాను. స్వరూప చెయ్యి పట్టి లాక్కొచ్చింది. "అమ్మా, గిప్పుడు ఎవ్వలు సూస్తాండ్రే గవన్నీ? మొదటి దోసిలి నీదే!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పోశాను. ఆ పిల్ల నా కాళ్లు మొక్కింది. ఎంత అదృష్టవంతురాలివి అవ్వా అని ఎవరో అన్నారు.

ఆ దోసిలి నాది కాదు. స్వరూపకు చెప్పాలని నోరు తెరిచాను. ఫొటో తీసేవాళ్లు నవ్వమన్నారు. నవ్వాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించే మనిషి వేరే, ఆమె లేదు. భయంతో చేశాను, లోకం అలాంటిది అని ఇన్నేళ్లు అనుకున్నాను. ఇప్పుడు అనను. అలా చేసిన మనిషిని నేనే. ఆ మనిషితోనే మిగిలిన రోజులు ఉండాలి. స్వరూపకు ఈ కాగితాలే ఇస్తాను, చదువుకుంటుంది.

కార్డు నా ముందే ఉంది. కళ్లద్దాలు పెట్టుకున్నాను. ఆమె అడిగినట్టే మళ్లీ చదువుతున్నాను, పైకే చదువుతున్నాను. స్వరూప పేరు. అల్లుడి పేరు. ఊరి పేరు.

బుధవారం, అక్కా. బుధవారం.