కింద పసుపు, పైన మేము

మా ఆయనకు బోధనులో కొత్తగా కడుతున్న చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు పని దొరికింది. పని దొరికిందని సంతోషించాలో, అది నైజాం ఇలాకాలో దొరికిందని దిగులు పడాలో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మా ఏలూరు వాళ్ళకు నైజాం అంటే పరదేశమే. అక్కడి రూపాయి వేరు, తపాలా బిళ్ళ వేరు, చట్టం వేరు. "క్వార్టర్సు ఇచ్చేదాకా అమ్మాయిని ఇక్కడే ఉండనీ" అంది మా అత్తగారు. నేను వస్తానని పట్టుబట్టాను. పెళ్ళయి రెండేళ్ళయినా మేమిద్దరం కలిసి ఉన్నది ఆరు నెలలు లేదు. చివరికి మా ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నారు. అద్దెకు గది దొరికితే ఉండొచ్చు, ఆ గది పోయిందా, మర్నాడే నేను వెనక్కి బండెక్కాలి. మా వైపు నుంచి ఉద్యోగాలకు ఇటు రాబోయే దంపతులకు పనికొస్తుందేమోనని, తర్వాత జరిగిందంతా దాచకుండా రాస్తున్నాను.

బెజవాడలో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాదు చేరతారు. దారిలో సరుకుల మీద సుంకం వసూలు చేసే కరోడ్గిరి జవాను మా పెట్టె విప్పించి, ఆవకాయ జాడీ వాసన చూసి, దాని మీద సుంకం ఉందో లేదో తేల్చుకోలేక మూసేశాడు. సికింద్రాబాదులో చిన్న పట్టాల బండిలోకి మారాలి. పొద్దున ఎనిమిదింటికి కదిలిన ఆ బండి మమ్మల్ని మధ్యాహ్నం రెండింటికి నిజామాబాదులో దింపింది. అతికించిన నోటీసులన్నీ ఉర్దూలో ఉన్నాయి. మా వీధిలో చదువుకున్నదాన్నని పేరున్న నేను ఆ స్టేషనులో వేలిముద్రల మనిషినైపోయాను. మా రూపాయిని అక్కడ కల్దారు అంటారు, వాళ్ళ రూపాయిని హాలీ అంటారు. మనదానికి పైన రెండణాల చిల్లర ఎక్కువ వస్తుంది. ఎక్కువ వస్తున్నా మోసపోతున్నట్టే అనిపించింది.

స్టేషను బయటే బోధను బస్సు ఉంది. మనిషికి ఆరణాలు, హాలీలో. నన్ను ముందు కూర్చోబెట్టి, మా ఆయన్ని వెనక్కి పంపాడు డ్రైవరు. ఎంతసేపు పడుతుందని అడిగాను.

"గంటన్నర అక్కా. ఎడపల్లి కాడ చెరుకు బండ్లు అడ్డమొస్తే నేను చెప్పలేను. బోధన్ల ఇల్లు సూసుకున్నరా?"

"లేదు, వెళ్ళి చూసుకోవాలి."

"ఇంక దొరికినట్టే! ఫ్యాక్టరీ అనంగనే దునియా అంత గీడికే వస్తున్నది. బర్ల కొట్టాలు గూడ కిరాయికి పోయినయ్."

మిగతా దారంతా నాకు చెరకు తోటలు కనబడలేదు, బర్రెల కొట్టాలే కనబడ్డాయి.

అదృష్టం బాగుండి, నాలుగో ఇంట్లో మేడమీద గది ఖాళీగా ఉంది. ఇంటావిడ పేరు రాజవ్వ, అరవై దాటి ఉంటుంది. భర్త ఎడపల్లిలో పొలం దగ్గరే ఉంటాడట, ఈవిడ ఇక్కడ ఇల్లు కనిపెట్టుకుని ఉంటుంది. నెలకు మూడు రూపాయలు హాలీ. వాకిట్లో చేదబావి, పక్కన నిటారుగా మెట్లు, మెట్ల కింద తాళం వేసిన గది. ఆ గదిలో ఏముందని అడగడం మర్యాద కాదనుకున్నాను.

"మేం క్వార్టర్సు ఇచ్చేదాకా ఉంటామండీ" అన్నాను.

"నన్ను అండీ గిండీ అనకు బిడ్డా, ఎవరో తాసీల్దారును పిలిసినట్టున్నది. అవ్వ అను" అంది.

మర్నాడు శుక్రవారం. మా ఆయన ఆరింటికే పనికి వెళ్ళారు, అవ్వ పాలకు వెళ్ళింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నేను కొంగు దోపి గది కడగడానికి దిగాను. మా ఇంట్లో శుక్రవారం బండలు కడగకుండా పొయ్యి వెలిగించరు. ఇక్కడా నాపరాళ్ళే పరిచారు. బావిలో చేది, మెట్లెక్కి, బిందెడు నీళ్ళు గుమ్మరించాను. నీళ్ళు బయటికి తోయడానికి తూము కోసం వెతికితే కనబడలేదు. తిరిగి చూసేసరికి నీళ్ళూ లేవు! వాటంతటవే ఎటో పోయాయి. ఎంత బాగా కట్టారు, మా ఊరి మేస్త్రీలకు ఈ విద్య తెలియదే అనుకున్నాను. పని ఇంత సులువైనప్పుడు పిసినారితనం ఎందుకని ఇంకో ఆరు బిందెలు పోశాను.

ఎనిమిదో బిందెకు కిందికి వచ్చినప్పుడు వాకిట్లో పచ్చటి నీళ్ళు కాలువ కట్టి కనబడ్డాయి. శుక్రవారం కదా, అవ్వ కూడా గడపలన్నీ పసుపునీళ్ళతో కడిగిందేమో, ఎంత ఆచారమున్న మనిషి అని మెచ్చుకున్నాను కూడా. అప్పుడే ఆమె పాలచెంబుతో లోపలికి వచ్చింది. నీళ్ళు చూసింది. చెంబు అక్కడే దించి, మెట్ల కింది గది తాళం తీసింది. ఆమె భుజం మీదుగా నేనూ తొంగిచూశాను. పదకొండు బస్తాల పసుపు కొమ్ములు. ఏడాది పంట, ధర పెరుగుతుందని ఆపుకున్నది. పైన దూలాల మధ్య నుంచి టపటపా చినుకులు పడుతున్నాయి. నేను మెచ్చుకున్న విద్య అదీ. నాపరాళ్ళ కింద ఉన్నది మన్ను, దాని కింద చెక్కలు, అంతే.

"పైన నీళ్ళు కుమ్మరిస్తరా ఎవలన్న?" అంది అవ్వ. అరవలేదు, తిట్టలేదు. తిడితే ఏం చేయాలో నాకు తెలిసేది. గబగబా మేడెక్కి, మా పరుపుచుట్టా, పెట్టే, ఆవకాయ జాడీతో సహా తెచ్చి వాకిట్లో పెట్టింది. తర్వాత వీధిలోకి పోయి కేకేస్తే, బీడీలు చుట్టుకుంటున్న ముగ్గురు ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టి వచ్చారు. బస్తాలు ఈడ్చి ఎండలో గుమ్మరించారు. సాయం పడదామంటే వాళ్ళ పంట ముట్టుకోవచ్చో లేదో తెలియదు. క్షమించమందామంటే ఆ మాట ఇక్కడ ఎలా అంటారో తెలియదు. పెట్టె బయట పడిందంటే వెళ్ళిపొమ్మనే కదా అర్థం? ఆ పెట్టె మీదే కూర్చున్నాను.

పన్నెండింటికి మా ఆయన అన్నానికి వచ్చారు. వాకిట్లో పెట్టె చూశారు, నన్ను చూశారు. ఏమైందని అడగలేదు.

"సరే, రేపు పొద్దుటి బస్సుకు నిజామాబాదు వెళ్దాం. నిన్ను బండెక్కించి వస్తాను" అన్నారు.

ఆ మాటకంటే ఆయన ముఖంలో కనబడిన ఊరట నన్ను ఎక్కువ బాధించింది. ఇంత దూరం నేను ఈయన కోసమే వచ్చానా అనిపించి, నలుగురి ముందూ ఏడ్చేశాను.

అవ్వ చేతులు దులుపుకుంటూ వచ్చింది. "ఏడికి పంపుతవ్ కొడుకా?"

"గది ఖాళీ చేయమన్నారు కదమ్మా?"

"ఎవలన్నరు? పైన మన్ను నానింది. రాత్రి కూలితే మీరిద్దరు నా పసుపు మీదనే పడ్తరని సామాను దించిన. నా అర్రల పండుండ్రి." తర్వాత నా వైపు తిరిగింది. "తడిపింది నువ్వు. ఎండెదాంక నువ్వు ఏడికి పోయేది లేదు. లే, జర ఆ కొమ్ములు తిరగెయ్."

మా ఆయన ఎండలో పోసిన కుప్ప వైపు చూసి, "సరే, పసుపు ఎండాక పంపిస్తాను" అన్నారు.

పరాయిచోట మర్యాద అనుకుని అడగకుండా ఊరుకోవడం మర్యాద కాదని నాకు అక్కడ తెలిసింది. ఆయన ఊరటను కూడా తర్వాత కొంత అర్థం చేసుకున్నాను. ఆయనకూ ఆ ఊరు కొత్తే, నన్ను ఎలా చూసుకోవాలో తెలియక బెదిరిపోయి ఉన్నారు. కొంతే అర్థం చేసుకున్నాను, పూర్తిగా ఇప్పటికీ కాదు. ఇటు వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. మేడమీద గది తీసుకుంటే కింద ఏముందో మొదటిరోజే అడగండి, తూము కనబడని నేల మీద చెంబెడు నీళ్ళు కూడా పోయకండి.

ఎనిమిదో రోజు సాయంత్రం మా ఆయన పని నుంచి వచ్చి, పసుపు ఎండిందా అని అడిగారు. నా చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. "ఇంకా పచ్చిగానే ఉంది" అన్నాను, ఆయన వైపు చూడకుండా. అవ్వ కుప్పలోంచి ఒక కొమ్ము తీసి విరిచింది. టక్కున విరిగింది. వీధిలోకి కూడా వినబడి ఉంటుంది. రెండు ముక్కలూ కుప్పలోకి విసిరేసి, "ఔ కొడుకా, ఇంక పచ్చిగనే ఉన్నది" అంది.