దీవి మీద నికా పందిరి

చాచా పోయాడన్న కబురు శుక్రవారం పొద్దున తెలిసింది. షార్జా అల్ నహ్దాలోని మా ఫ్లాట్‌లో నేను దోసెలు పోస్తున్నాను. ఇండియా నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది చాచా భార్య. ఆమెను నేనెప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం తెలుసు.

"అమ్మా, మీ చాచా ల్యాడమ్మా," అంది.

ముందు రోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడట. సాయంత్రం నమాజుకు లేపబోతే లేవలేదట. "మీ ఇంటాయనకు చెప్పమ్మా. అల్లుడు, అల్లుడు అంటా ఉండె," అని, నన్నే ఓదారుస్తున్నట్టు చెప్పి పెట్టేసింది.

పెనం మీద దోసె మాడి పొగ వస్తున్నా నాకు కదలాలని తోచలేదు. మా ఆయనే వచ్చి స్టవ్ ఆపాడు. విషయం చెప్పాను. గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుండిపోయాడు. "ఆయన ముందు నేనొక్కసారైనా తలెత్తుకుని మాట్లాడానా?" అన్నాడు. నా సంగతీ అంతే కదా.

చాచా మాకు చుట్టం కాదు. ఆయనది కడప జిల్లా రాయచోటి వైపు, మాది కోనసీమ. ఆయన మసీదుకు వెళ్ళేవాడు, మేం చర్చికి. మమ్మల్ని కలిపింది అబుదాబికి పడమట సముద్రంలో ఉన్న ఒక చిన్న దీవి. అక్కడి ఆసుపత్రిలో నేను నర్సును, ఆయన అంబులెన్స్ డ్రైవరు. 2003లో నేను ఆ దీవిలో అడుగుపెట్టినప్పుడు పడవ దగ్గర నా పెట్టె అందుకున్నది ఆయనే. "ఏ ఊరు బేటీ?" అని నేరుగా తెలుగులో అడిగాడు. నేను మలయాళీ సిస్టర్లతో మాట్లాడిన హిందీ వినే కనిపెట్టాడట. అమలాపురం దగ్గరని చెప్తే నవ్వాడు. "అట్లయితే సుట్టూ నీళ్ళుంటే నీకేం భయం ఉండదులే," అన్నాడు.

నీళ్ళంటే భయం లేదుగానీ, ఆ వేసవి నాకు కొత్త. మే నెల దాటేసరికి దీవి సగం ఖాళీ అయిపోయేది. అరబ్బు కుటుంబాలు చల్లటి దేశాలకు వెళ్ళిపోయేవి. బడి పంతుళ్ళు కొందరు సొంత ఊళ్ళకు పోయేవారు. సెలవు దొరకనివాళ్ళం, టిక్కెట్టుకు అందనివాళ్ళం మిగిలేవాళ్ళం. పగలంతా ఏసీల కింద దాక్కుని, పొద్దు వాలాక చాపలూ గిన్నెలూ పట్టుకుని సముద్రపు ఒడ్డుకు చేరేవాళ్ళం. ఒకరు చేపల పులుసు తెస్తే ఒకరు పప్పు తెచ్చేవారు. చాచా ఖుబూసు రొట్టెలూ, ఒక డబ్బాలో గోగాకు ఊరుబిండీ తెచ్చేవాడు. మేం గోంగూర పచ్చడి అనేది అదే. ఆ ఆకు ఆయన పెంచిందే. ఖాళీ నెయ్యి డబ్బాల్లో మట్టి నింపి, మా క్వార్టర్ల వెనక ఏసీల నుంచి నీళ్ళు కారేచోట వరసగా పెట్టుకున్నాడు. నా కిటికీ కింద రెండు డబ్బాలు ఉండేవి. "నీ ఏసీ నీళ్ళు మంచివి బేటీ, ఆకు పుల్లగా వస్తాంది," అని మెచ్చుకునేవాడు. ఏసీ నీళ్ళలో మంచీ చెడ్డా ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు.

జూన్ వచ్చిందంటే షమాల్ మొదలయ్యేది. ఉత్తరపు గాలి. మా వైపు తుఫానంటే వాన. ఈ గాలిలో చుక్క వాన ఉండదు, ఇసుకా ఉప్పునీటి తుంపరా ఉంటాయి. రోజుల తరబడి పడవలు ఆగిపోతాయి. గాలి వస్తుందన్న కబురు తెలియగానే చాచా మా క్వార్టర్ల వరస వెంట నడిచేవాడు. ఆడవాళ్ళున్న ఇళ్ళ బెల్లు నొక్కేవాడు కాదు. గేటు బయట నిలబడి దగ్గేవాడు. ఆ దగ్గు వింటే చాలు, మేం బయటికి వచ్చేవాళ్ళం.

"పైన ట్యాంకు మూతకు తాడు కట్టుకోండి. తలుపు సందులో తడిగుడ్డ దోపండి. పాలు, రొట్టె ఈ పొద్దే తెచ్చుకోవల్ల. యల్లా, యల్లా, మళ్ళీ చాచా చెప్పలేదనొద్దు!"

చెప్పి ఊరుకునేవాడు కాదు. మగవాళ్ళు డ్యూటీలో ఉన్న ఇళ్ళకు తనే నిచ్చెన వేసుకుని ఎక్కి తాళ్ళు కట్టేవాడు.

మా ఆయన నా తర్వాత ఏడాదికి వచ్చాడు, నా వీసా మీద. ఊళ్ళో ఆయనకు షామియానాల వ్యాపారం ఉండేది. అది దెబ్బతింది. దుబాయ్ వెళ్తే ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకున్నాం. ఆ దీవి మీద ఏదీ దొరకలేదు. పైగా ఆయన వీసాలో ఉద్యోగం చేయకూడదని రాసి ఉంది. ఇక్కడ మనల్ని తెచ్చుకుని మనకు పూచీగా ఉండే మనిషిని కఫీల్ అంటారు. అందరికీ ఏ అరబ్బో, ఏ కంపెనీయో కఫీల్. మా ఆయనకు నేను.

రెండో వేసవిలో ఒక సాయంత్రం ఒడ్డున భోజనాలు చేస్తున్నాం. బడిలో లెక్కలు చెప్పే తెలుగు మాస్టారొకాయన, మంచివాడే, మా ఆయన్ని సరదాగా పలకరించాడు.

"బ్రదర్, రేపు మాతో గాలానికి వస్తారా? లేకపోతే కఫీల్ పర్మిషన్ కావాలా?"

"కఫీల్ పక్కనే కూర్చుందిగా, ఇప్పుడే అడిగేస్తే ఖలాస్!" అని ఇంకొకరు అందుకున్నారు.

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నవ్వుతూనే కంచంలో అన్నం అటూ ఇటూ జరపడం నేను చూశాను. చాచా మాత్రం చేపలో ముల్లు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాడు.

తర్వాత కొద్ది రోజులకే గాలి కబురు వచ్చింది. చేపల కోసం సముద్రంలో వేసిన తీగబోనులను ముందే తీసి తెచ్చుకోవడానికి బెంగాలీ జాలర్లు తెల్లవారుతూనే బయల్దేరారు. వాళ్ళకు ఒక మనిషి తక్కువయ్యాడు. మా ఆయన నాకు చెప్పకుండా వాళ్ళ పడవ ఎక్కాడు. గోదావరి పాయల్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకీ నీళ్ళొక లెక్కా అనుకున్నాడట. ఒక్క రోజైనా సొంత కష్టంతో రెండు చేపలు ఇంటికి తేవాలని అనుకున్నాడట. ఇదంతా ఆయన చాలా కాలానికి చెప్పాడు.

అనుకున్నదానికంటే ముందే గాలి మొదలైంది. నేను వార్డులో ఉన్నాను. చాచా తలుపు దగ్గర నిలబడి, "బేటీ, అల్లుడు యాడికి పోయినాడు? ట్యాంకు కట్టేకి పోతే ఇంటికి తాళం ఉండాది," అన్నాడు. నన్ను బేటీ అన్నాడు కాబట్టి మా ఆయన అల్లుడయ్యాడు. నేను తెలియదన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా బండి తీసుకుని రేవుకు వెళ్ళాడు. కాసేపటికి అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు. పడవ ఇంజిను ఆగిపోయిందనీ, కోస్ట్ గార్డు వాళ్ళు వెతుకుతున్నారనీ చెప్పాడు.

నేను యూనిఫాంలోనే పరిగెత్తాను. దీవిలో మిగిలిన జనమంతా రేవులోనే ఉన్నారు. కళ్ళలో ఇసుక కొడుతోంది. ఎదురుగా ఉన్న పడవలు కూడా కనిపించడం లేదు. పొద్దు వాలే వేళకు వాళ్ళను తీసుకొచ్చారు. ఎవరికీ దెబ్బలు లేవు. మా ఆయన మాత్రం వాంతులతో నీరసపడి, ఎవరిదో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. స్ట్రెచర్ తెచ్చారు. నడవగలను అన్నట్టు చెయ్యి ఊపాడు. చుట్టూ జనం. అప్పుడు చాచా స్ట్రెచర్‌ను వెనక్కి పంపేసి, అంబులెన్స్ ముందు తలుపు తీశాడు. "రా అల్లుడూ, నా పక్కన కూర్చో," అన్నాడు, బజారుకు పిలిచినట్టు.

అంతటితో అయిపోతే బాగుండేది. పోలీసాయన వచ్చాడు. మర్యాదగానే, హిందీలో అడిగాడు. సముద్రంలోకి వెళ్ళడానికి కాగితం ఉందా? లేదు. నీ కఫీల్ ఎవరు? మా ఆయన తల ఎత్తకుండా చెయ్యి మాత్రం ఎత్తి నన్ను చూపించాడు.

ఇకమీదట ఇలా జరగదని నేను సంతకం పెట్టాలి. నా భర్త బుద్ధిగా ఉంటాడని నేను హామీ ఇవ్వాలి. అంబులెన్స్ బానెట్ మీద కాగితం పెట్టి, ఎగిరిపోకుండా చాచా అరచేత్తో అదిమి పట్టుకుంటే, అందరూ చూస్తుండగా సంతకం చేశాను.

ఆ తర్వాత మా ఆయన గడప దాటలేదు. కిటికీ తెరలు తీయనిచ్చేవాడు కాదు. నేను డ్యూటీకి వెళ్ళాక తినేవాడు, నేను వచ్చేసరికి పడుకునేవాడు. ఎవరైనా అడిగితే జ్వరమని చెప్పేదాన్ని. ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, ఎన్నాళ్ళని జ్వరం చెప్పను? నాకూ ఒడ్డుకు వెళ్ళబుద్ధి కాలేదు. అన్నిటికంటే చాచా కూడా రాకపోవడం బాధగా ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మీరూ మా ఇంటివైపు రావడం మానేశారేంటి చాచా?"

ఆయన బండి అద్దం తుడుస్తున్నాడు. "సిగ్గుపడిన మనిషిని సూసేకి పోకూడదు బేటీ. పనుంటే పోవల్ల," అన్నాడు. "పని ఉంటే వస్తా."

పని వచ్చింది. ఒక సాయంత్రం గేటు బయట దగ్గు వినిపించింది. తలుపు తీశాను. చాచా లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి, లోపలి గదికి వినపడేట్టు గట్టిగా మాట్లాడాడు.

"అల్లుడూ! వచ్చే శుక్రవారం నా బిడ్డ నికా. ఆడ మా ఊర్లో పందిరేసేకి శానామంది ఉండారు. ఈడ నాకు ఎవురుండారు చెప్పు?"

చాచా కదలలేదు. కాసేపటికి మా ఆయన గొంతు వినిపించింది. "మీరు ఊరికి వెళ్ళట్లేదా చాచా?"

"గాలి గదా నాయనా, పడవలు నమ్మేకి ల్యా. ఈడనే నలుగుర్ని పిల్చి ఒక పూట అన్నం పెడదామనుకుంటాండా. పందిరి ల్యాకపోతే అది పెండ్లెట్లయితాది?"

అప్పుడు గది తలుపు తెరుచుకుంది. గడ్డం మాసిపోయి, కళ్ళు చికిలిస్తూ మా ఆయన బయటికి వచ్చాడు.

"ఇసుకలో గూటాలు నిలవవు చాచా," అన్నాడు.

"అది నాకేం తెలుస్తాది? నువ్వే సూడల్ల."

ఆ వారమంతా మా ఆయన పొద్దున్నే లేచి వెళ్ళాడు. జాలర్ల దగ్గర వాసాలు, తాళ్ళు, పాత తెరచాప గుడ్డలు పోగుచేశాడు. ఖాళీ పిండిగోతాల్లో ఇసుక నింపి, గోతులు తీసి పాతిపెట్టి, వాటికి తాళ్ళు కట్టాడు. లెక్కల మాస్టారు వచ్చి చొక్కా విప్పి వాసాలు మోశాడు. "ఈ తాడు ఎటు లాగాలి బ్రదర్?" అని అడుగుతుంటే, మా ఆయన ఎటు లాగాలో చెప్పాడు. అంతే. ఇద్దరూ పాత మాట ఎత్తలేదు.

శుక్రవారం నాటికి ఒడ్డున పందిరి లేచింది. ఒక అరబ్బు ముసలాయన మేకను పంపాడు. ఆ ఏడాది మొదటగా పండిన ఖర్జూరాలు కూడా పంపాడు. మలయాళీ సిస్టర్లు పాయసం వండారు. చాచా ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ వేసుకుని, పెళ్ళికూతురి తండ్రిలాగే ముందు నిలబడి, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. పందిరి మెచ్చుకున్న ప్రతివాళ్ళకూ, "మా అల్లుడు ఏసినాడు," అని చెప్పాడు. మా ఆయన వడ్డిస్తున్నాడు. ఎవరో, "ఇటు కూడా పందిరాయనా!" అని కేక వేస్తే అటు పరిగెత్తాడు.

ఆ రోజు తర్వాత మా ఇంటి తెరలు మళ్ళీ తెరుచుకున్నాయి. ఇంకో ఏడాదికి నాకు షార్జాలో పని దొరికింది. మా ఆయన ఇక్కడ పెళ్ళిళ్ళకూ సభలకూ గుడారాలు వేసే కంపెనీలో, ఈసారి సొంత వీసా మీద చేరాడు. ఇప్పుడు ఆయన కింద పనివాళ్ళు ఉన్నారు. చాచాకు చూపు మందగించి, పోయిన ఏడాది వీసా రద్దు చేసుకుని ఊరికి వెళ్ళిపోయాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "బాగుండా బేటీ, ఈడ నాకేం తక్కువ?" అనేవాడు.

ఇక్కడితో ముగిస్తే ఇది మాకు మేలు చేసిన ఒక పెద్దాయన కథ అవుతుంది. నేను కూడా ఆ రోజు అలాగే అనుకున్నాను. మా ఆయన్ని బయటికి లాగడానికే, మా పరువు నిలబెట్టడానికే చాచా ఇంత విందు పెట్టాడని పందిట్లో నిలబడి మురిసిపోయాను. మా అవమానం మాకు ఎంత పెద్దదైపోయిందంటే, ఆయన బిడ్డ పెళ్ళి కూడా మా కోసమే జరుగుతున్నట్టు అనిపించింది. తలుచుకుంటే ఈనాటికీ ముఖం వేడెక్కుతుంది. ఆయన పేరు, ఆ దీవి పేరు ఇందులో రాయకపోవడానికి కారణం కూడా ఆ సాయంత్రమే. ఆయన తన ఇంటివాళ్ళకు చెప్పని సంగతి ఒకటి నాకు తెలిసింది.

అందరి భోజనాలూ అయ్యాయి, చాచా ఇంకా తినలేదని గుర్తొచ్చింది. కంచంలో వడ్డించుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. దారిలో మా ఆసుపత్రి ఆఫీసు గుమాస్తా ఎదురై, "పాపం, రెండో డ్రైవరు సెలవులో ఉన్నాడని ఈయనకు సెలవు ఇవ్వలేదు. ఎన్నిసార్లు అడిగాడో," అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ మాట తెలియదు. అంబులెన్స్ దాటి నీళ్ళ వైపు నడిచాను. గాలి తగ్గి అప్పటికి రెండు మూడు రోజులైంది. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉంది. రేవులో పడవ దీపాలు వెలిగించుకుని, మర్నాటి ప్రయాణానికి సిద్ధంగా ఉంది. తెల్ల లాల్చీలో చాచా నాకు వీపు పెట్టి నిలబడి, సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని ఉన్నాడు. నేను కంచం పట్టుకుని అక్కడే ఆగిపోయాను. ఒక్క ఆకు కూడా కదలని ఆ ఒడ్డున, హోరుగాలిలో నిలబడ్డవాడిలా గొంతెత్తి, తన బిడ్డతో అరుస్తున్నాడు: "తుఫానమ్మా! శానా గాలి తల్లీ! పడవలు ల్యావు! ఇనపడతాందా, గాలి?"