పిల్లి పేరు మీద నూనె

జానీబీ నోరు తెరిస్తే గోడౌను రేకులు అదురుతాయని గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లందరికీ తెలుసు. ఎనభై నాలుగు వేసవిలో ఆ నోటికి ఓ పిల్లి తోడొచ్చింది.

ఆమె పక్కనే కూర్చుని పనిచేసే ఎలీసమ్మ పచ్చి బాలింత. మధ్యాహ్నం అత్త చంటిదాన్ని గేటు దగ్గరికి తెస్తే, ఎలీసమ్మ రెండు చేతులూ పైకెత్తి, పోలీసులకు దొరికిన దొంగలా కూర్చుని పాలిచ్చేది. బిడ్డను పట్టుకోవాల్సింది అత్తే. పొద్దుట్నుంచీ మిరపకాయల్లో నానిన చెయ్యి; ఉత్త నీళ్లకు కారం వదలదు. ఆ చెయ్యి చెంపకు తగిలిందా, చంటిది పాలు వదిలేసి గుక్కపట్టేది. నూనె రాసి సబ్బుతో తోమితే కాస్త వదులుతుంది. అవి ఇప్పించమంటే గుమాస్తా లక్ష్మీనరసింహం, "ఎప్పుడూ లేని ముచ్చట్లు పెట్టకండి" అన్నాడు. లారీలకొద్దీ సరుకు కదిలే చోట గిద్దెడు నూనెకు దిక్కు లేదు.

ఆ రోజుల్లోనే గోతాల వెనక పిల్లి మూడు కూనల్ని పెట్టింది. గోతాలు కొరికే ఎలుకల పని పట్టేది అదే గనుక షావుకారుకు అదంటే ప్రాణం. "తల్లిని బాగా మేపండి. లేకపోతే కూనల్ని నోట కరుచుకుని పక్క గోడౌనుకు పోతుంది" అని చెప్పి, పాలూ ఎండుచేపలూ తెప్పించాడు.

మేపే పని జానీబీకి పడింది. చేప ముళ్లు తీసి అన్నంలో పిసికి పెట్టింది. పిల్లి మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి పోయింది. రెండ్రోజులకే దాని డొక్కలు లోపలికి పోయాయి. కూనలు పాలు చాలక కీచుమంటున్నాయి.

"ఏం జానీబీ, తినదేం?" గుమాస్తా కంగారుపడ్డాడు.

"మా చేతి కారం దానికి పడదండీ. పోనీ మీరు పిసికి పెట్టండి."

"నేనా! నీచు ముట్టను."

"అయితే నూనే, సబ్బూ ఇప్పించండి."

సాయంత్రానికల్లా కొబ్బరినూనె సీసా, సబ్బుబిళ్ల కుళాయి గట్టు మీదికొచ్చాయి. మనిషి బిడ్డకు రానిది పిల్లి కూనలకు వచ్చింది. "నువ్వొక్కదానివే వాడాలి సుమా" అన్నాడు గుమాస్తా. "అలాగేనండీ" అన్న జానీబీ, మర్నాడు ముందు ఎలీసమ్మ చేతులకే రాసింది. ఆ మధ్యాహ్నం ఎలీసమ్మ తన బిడ్డను తానే ఒళ్లో వేసుకుని, వీపు నిమురుతూ పాలిచ్చింది. చంటిది కళ్లు మూసుకుని తాగింది.

తల్లిపిల్లి మళ్లీ ఒళ్లు చేసింది. కూనలు మొదట పాలన్నంలో కాళ్లు పెట్టి తొక్కాయి, తర్వాత మూతులు పెట్టాయి. పళ్లొచ్చి కొరకడం మొదలెట్టాక, తల్లి విసుక్కుని గోతాలెక్కి కూర్చునేది. అలా అలా పాలు మాన్పించేసింది.

అది చూసి గుమాస్తా సీసా తీసేయబోయాడు. "కూనలు పాలు మానేశాయిగా, ఇంక నూనెందుకు?"

"పిల్లి కూనలు మానేశాయండీ. ఎలీసమ్మ కూన మానలేదు."

"దాంతో షావుకారికేం పని?"

జానీబీ మిరపకుప్ప దగ్గర్నుంచి లేచొచ్చింది. వెనకే ఆడవాళ్లంతా లేచారు.

"మీ కళ్లజోడు దుమ్ము కొట్టుకుపోయిందండీ. ఇలా ఇవ్వండి, తుడిచిపెడతా" అని ఎర్రటి వేళ్లు చాచింది.

"నేను తుడుస్తానక్కా!" "నేనమ్మా, నేను!" వెనకనుంచి చేతుల మీద చేతులు లేచాయి. అన్నిటికన్నా ముందున్నవి ఎలీసమ్మవి.

లక్ష్మీనరసింహం కళ్లజోడును రెండు చేతులతో అదిమి పట్టుకుని గోడకు కరుచుకుపోయాడు.

"సరే సరే, ఉండనీయండి సీసా! పిల్లి ఖర్చు కిందే రాసుకుంటాను."

"రాసుకోండి బాబూ," అంది జానీబీ. "అది మళ్లీ పిల్లల్ని పెట్టేదేగా!"