సుగుణ మేడం కోయలేని పేజీలు

నిన్న పొద్దున మానుకోట స్టేషన్ ముందు ఆటో ఎక్కిన ఒకామె నొప్పుల మందు డబ్బీ నా చేతికిచ్చి మూత తీసిపెట్టమంది. తీయగానే కర్పూరం ఘాటు ఆటో అంతా నిండింది. ఆమె వేళ్లకు రాసుకుంటున్నంతసేపూ నేను అద్దంలోకి చూడలేకపోయాను. ఎదుటి రోడ్డు కూడా సరిగా కనిపించలేదు. నాకు కనిపించింది ఒక చిన్న గ్రంథాలయం, పాత కాగితాల మధ్య ఒక కుర్చీ, అందులో రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, అవి తన మాట వినే వేళ కోసం ఎదురుచూస్తున్న సుగుణ మేడం. ఆమె పోయి రెండేళ్లు కావస్తోంది. ఆమె ఎవరో మీకు తెలియదు. పేపర్లలో ఫోటో పడే మనిషి కాదు. కానీ నేను ఈ నాలుగు మాటలు తప్పుల్లేకుండా రాయగలుగుతున్నానంటే ఆమె వల్లనే. ఆమె చివరి రోజుల్లో కలం పట్టుకోలేకపోయిందంటే, అందులో కొంత నా వల్లనే.

మాది మరిపెడ దగ్గర ఒక తండా. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తెలుగు నాకు బడిలో వచ్చింది, ఆ బడి కూడా ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆటో నడపడానికి మానుకోట వచ్చిన కొత్తలో, ఒక రైలుకూ మరో రైలుకూ మధ్య ఎండ తప్పించుకుందామని గ్రంథాలయంలోకి పోయి కూర్చునేవాణ్ని. అక్కడ ఫ్యాను ఉండేది. పేపర్లో సినిమా బొమ్మలు చూసి మడతపెడుతుంటే ఒకరోజు బల్ల వెనకనుంచి లైబ్రేరియన్ సుగుణ మేడం గొంతు వినిపించింది.

"అయిపోయిందా బాబూ? మిగతా పేజీలకు గూడ టికెట్ లేదు. చదువుకో."

"మా తెలుగు అంతంతే మేడం," అన్నాను.

"మీ తెలుగు, మా తెలుగు అని రెండున్నయా? కూసో. ఏం పేరు నీది?"

"బాలు."

మొదట పిల్లల కథలు ఇచ్చింది. సిగ్గుపడి పేపరు లోపల పెట్టుకుని చదివాను. తర్వాత నవలలు, ప్రయాణాలు, జీవిత చరిత్రలు, రాజుల కాలం నాటి సంగతులు. పుస్తకం తిరిగి ఇచ్చినప్పుడు బాగుందా అని ఎప్పుడూ అడగలేదు. "ఇందుల ఎవరిది తప్పు?" అని అడిగేది. నేను ఒకరి పేరు చెబితే, ఇంకొకరి తరఫున వాదించేది. ఏడెనిమిదేళ్లలో మూడు బీరువాలు పూర్తి చేశాను. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. స్టాండులో తోటి డ్రైవర్లు నన్ను "పేపర్ సార్" అని ఎగతాళి చేసేవాళ్లు. "ఏంది పేపర్ సార్, ఇయ్యాల దేశం ఎట్లున్నది?" అని ఒకడంటే, "దేశం సంగతి ఇడువురా, మీటరు సంగతి అడుగు," అని ఇంకొకడు నవ్వేవాడు. కానీ కరెంటు ఆఫీసుకు దరఖాస్తు రాయాలన్నా, దవాఖాన చీటీ చదవాలన్నా వాళ్లే నా దగ్గరికి వచ్చేవాళ్లు.

మేడం ఇల్లు డోర్నకల్‌లో. పెళ్లి చేసుకోలేదు. రోజూ పొద్దున పాసింజరు బండిలో మానుకోట వచ్చేది. స్టేషన్ నుంచి గ్రంథాలయానికి నా ఆటోనే. ఒక చలికాలం ఉదయం ఆమె షట్టర్ తాళం ముందు చాలాసేపు వంగి నిల్చుంది. తాళంచెవి సరిగానే పెట్టింది గానీ తిప్పలేకపోతోంది. దిగి వెళ్లి నేను తిప్పాను. ఆ వేళ్ల కణుపులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"పొద్దుగాల రెండు గంటలు ఈ చేతులు నావి గావు బాలూ. పది దాటినంక మల్ల నాకిస్తరు," అని నవ్వింది.

వరంగల్‌లో డాక్టరు చూసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నాడు. వయసుతో వచ్చే కీళ్ల అరుగుదల కాదని, ఒంటిని కాపాడవలసిన బలమే పొరబడి సొంత కీళ్లనే తినేస్తుందని చెప్పాడట. వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మాత్రలు రాశాడు. సెలవు రోజు కదా, ఆదివారం వేసుకోమన్నాడు. "మా లైబ్రరీకి సెలవు శుక్రవారం సార్," అందట మేడం. అందుకని గురువారం రాత్రి మాత్రలు వేసుకుని, శుక్రవారమంతా కడుపులో తిప్పుతుంటే పక్కన గిన్నె పెట్టుకుని పడుకునేది. శనివారం పాలిపోయిన ముఖంతో బండి దిగేది. నోట్లో పుండ్లు. జడ నెలనెలా సన్నబడింది. "నొప్పికి గోలీ, గోలీకి ఇంకో గోలీ, ఆ రెంటికీ కలిపి రక్తపరీక్ష. నేను లైబ్రరీ నడుపుతున్ననా, దవాఖాన నడుపుతున్ననా?" అనేది.

ఆ రోజుల్లోనే కొత్త పుస్తకాల కట్టలు వచ్చాయి. కొత్త పుస్తకాల్లో కొన్నింటికి అంచు సరిగా తెగదు. పక్కపక్క కాగితాలు అంచు దగ్గర కలిసి ఉండిపోయి, మధ్యలోని రెండు పేజీలు కనిపించకుండా పోతాయి. అట్లాంటివి వెతికి స్టీలు స్కేలుతో కోసిన తర్వాతే మేడం ముద్ర వేసేది. "మూసి ఉన్న పేజీ ఉంటే అది సగం పుస్తకమే," అనేది. ఆసారి ఆమె వేళ్ల మధ్య స్కేలు నిలవలేదు.

"బాలూ, జర ఈ కట్టలు నువ్వు చూస్తవా? అంచులు కలిసినయన్ని కోసిపెట్టు."

సరేనన్నాను. నవలలన్నీ అదే రోజు కోశాను, ముందుగా నేనే చదవొచ్చు కదా అని. చట్టం, వ్యవసాయం, ఆరోగ్యం పుస్తకాలు మరో రోజు చూద్దామని బీరువాలో సర్దేశాను. ఆ మరో రోజు రాలేదు. ఆమె అడిగితే "అయిపోయినయ్ మేడం" అన్నాను.

మాత్రలు మొదలుపెట్టిన నాలుగో నెలలో ఒక ఉదయం నాకు ఏదో పని పడి, ఆమె వేరే ఆటోలో వెళ్లింది. నేను తర్వాత వెళ్లేసరికి షట్టర్ తెరిచి ఉంది. తాళం తనే తీసిందట. మందు పనిచేస్తోందని ఆ తాళం చెప్పింది. నేను మాత్రం ఆమె జడనే చూస్తున్నాను. ఆమె అనుభవిస్తున్న శుక్రవారాలను తలచుకుని డాక్టరు మీద కోపం పెంచుకున్నాను. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ని, ఈ మందు సంగతేమిటో నేనే తేల్చగలననుకున్నాను. అప్పటికి నాది బటన్ల ఫోనే. ఆరోగ్యం బీరువాలోంచి మందుల గురించిన ఒక లావుపాటి పుస్తకం తీసి, ఆ మాత్ర పేరు పట్టుకున్నాను. క్యాన్సర్‌కు వాడతారని ఉంది. కాలేయం చెడుతుందని, జుట్టు రాలుతుందని, రక్తం తగ్గుతుందని ఉంది. పేజీ తిప్పితే వేరే మందు పేరు కనిపించింది. అంతే రాశారనుకున్నాను. పేజీ అంకె చూడలేదు. వెతికింది దొరికాక ఇంకా వెతికే ఓపిక నాకు లేదు.

పుస్తకం పట్టుకుని బల్ల దగ్గరికి పరుగెత్తాను. "గిది క్యాన్సర్ మందు మేడం! మీకు తెలుసా? కాలేయం ఖరాబ్ అయితదట."

"డాక్టర్ సాబ్ గట్ల చెప్పలే గద?"

"వాళ్లు అన్ని చెప్తరా? నేను చదివిన. ఇగో, బుక్కుల రాసున్నది."

ఆమె పుస్తకం అందుకోలేదు. నా ముఖంలోకి చూసింది. "నువ్వు చదివినవంటే చదివినట్టే," అంది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ గురువారం ఆమె మాత్రలు వేసుకోలేదు. ఆ శుక్రవారం హాయిగా అన్నం తిన్నానని శనివారం ఎంతో సంతోషంగా చెప్పింది.

రెండు నెలల్లో నొప్పులు తిరిగొచ్చాయి, మునుపటికంటే ఎక్కువగా. ఒక ప్రయాణికుడు చెబితే, మొగుళ్లపల్లి దాటాక ఒక ఊళ్లో మందు పొట్లాలిచ్చే పెద్దమనిషి దగ్గరికి నేనే ఆమెను బస్సులో తీసుకెళ్లాను. వాకిట్లో కీళ్లనొప్పుల వాళ్లు వరసగా కూర్చున్నారు. ఆయన ఆమె చెయ్యి కూడా ముట్టుకోలేదు.

"ఇంగ్లీషు మందులు బంద్ చేసినవా అవ్వా?"

"చేసిన."

"ఇగ నీ నొప్పి నాకిడిసిపెట్టు. పొద్దుగాల ఒక పొట్లం, మాపటికి ఒకటి."

పది రోజుల్లో ఆమె రైలు మెట్లు గబగబా దిగింది. తేదీ ముద్రలు టకటకా వేసింది. ముఖం గుండ్రంగా నిండింది. చర్చిలో అందరూ "సుగుణా, మంచిగ ఒళ్లు చేసినవ్" అన్నారట. నేనూ అన్నాను. మా దగ్గర ముఖం నిండితే ఆరోగ్యం వచ్చినట్టే లెక్క. చెంపలు ఉబ్బడం రోగానికి గుర్తు కావచ్చని మాలో ఎవరికీ తట్టలేదు. ఒకటిన్నర సంవత్సరం ఇద్దరం గెలిచినట్టే తిరిగాం. స్టాండులో నేను ఆ పొట్లాల చిరునామా ఇంకొందరికి కూడా చెప్పాను.

తర్వాత ఆమె చేతుల మీద తగిలిన చోటల్లా నల్లగా కమిలేది. షుగర్ వచ్చింది. ఒక వానాకాలం ప్లాట్‌ఫారం మీద మామూలుగా జారితే మణికట్టు విరిగింది. వరంగల్‌లో అదే డాక్టరు. చేతుల ఎక్స్‌రే దీపానికి ఎత్తి పట్టి చూశాడు.

"పొట్లాలు తిన్నవా అమ్మా? గవాట్ల స్టెరాయిడ్ నూరి కలుపుతరు. నొప్పి తెలువకుంట చేసింది, రోగం మాత్రం లోపల్లోపల తన పని చేసుకుంటనే పోయింది. ఎముకలు గూడ గుల్లబారినయ్. ఆ వారం గోలీలు ఎందుకు ఆపినవ్? ఎవరు ఆపమన్నరు?"

"నేనే ఆపిన సార్. కడుపుల తిప్పుతున్నదని," అంది మేడం.

నేను ఆమె పక్కనే నిల్చుని ఉన్నాను. బయటికొచ్చాక కూడా నోరు విప్పలేదు.

మందులు మళ్లీ మొదలుపెట్టారు. కానీ అప్పటికే వంగిపోయిన వేళ్లు వెనక్కి రాలేదు. ఆమె ఉద్యోగం వదులుకుని జనగామలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు నేను ఆ పుస్తకం మళ్లీ తీశాను. ఎందుకు తీశానో తెలియదు. బహుశా నేను చెప్పింది నిజమేనని నాకు నేను చూపించుకోవడానికి కావచ్చు. ఈసారి పేజీ అంకెలు చూశాను. మధ్యలో రెండు లేవు. కాగితాలు అంచు దగ్గర కలిసి ఉన్నాయి. ఆటో తాళంచెవితో చీల్చాను. లోపల ఉంది అంతా. కీళ్లవాతానికి ఇచ్చే మోతాదు చాలా తక్కువని, రక్తపరీక్షలు చేయిస్తూ ఏళ్ల తరబడి వాడవచ్చని, వికారం, జుట్టు రాలడం ఉంటే డాక్టరుకు చెబితే దారి చూపిస్తారని, సొంతంగా మాత్రం ఆపకూడదని, ఆపితే కీళ్లు బాగుకానంతగా పాడవుతాయని. ఆమె నన్ను కోయమన్న పేజీ అది.

ఆ మాట చెప్పడానికి జనగామ పోవాలనుకుని పోలేక ఐదు నెలలు గడిపాను. చివరికి ఒక మధ్యాహ్నం పోయాను. వరండాలో కూర్చుని ఉంది. రెండు చేతుల వేళ్లూ ఒకే పక్కకు వాలిపోయాయి. చెల్లెలు చాయ్ తెచ్చిపెట్టి లోపలికి వెళ్లింది. మేడం గ్లాసును రెండు మణికట్ల మధ్య పట్టుకుని ఎత్తింది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఆ కట్టలు కోశానని అబద్ధం చెప్పడం దగ్గరనుంచి తాళంచెవి దాకా మొత్తం చెప్పాను.

ఆమె చిన్నగా నవ్వింది.

"ఓ, గదా? ఆ పేజీ నేను అప్పుడే చదివిన బాలూ. నువ్వు చెప్పిన తెల్లారే బుక్కు తీసి చూసిన. అన్ని తెలిసే ఆపిన. జుట్టు పోతుంటే బాధనిపించింది, ఏం చేస్తం? నా ఇష్టంతోని నేను ఆపుకున్న. నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?"

కలిసిన ఆ కాగితాన్ని నేను నా చేతులతో చీల్చాను. దాని పీచు నా గోళ్లలో ఇరుక్కుంది. అంతకుముందు ఆ పేజీని ఏ మనిషీ చూసి ఉండడు. ఆమె ముఖంలోకి చూశాను. ఆమె చూపు తిప్పుకోలేదు.

"చాయ్ తాగు. సల్లారితే బాగుండదు," అంది.

తాగాను. ఆ తర్వాత నాలుగైదుసార్లు జనగామ వెళ్లాను. పేజీలు తిప్పలేని ఆమె పక్కన కూర్చుని నవలలు చదివి వినిపించాను. మా మధ్య ఆ మాట మళ్లీ రాలేదు. ఒక వర్షాకాలం ఊపిరితిత్తులకు జబ్బు చేసి ఆమె పోయింది. అంత్యక్రియలకు నేను అందలేదు.

స్టాండులో ఇప్పటికీ చీటీలు, రిపోర్టులు నా చేతికిస్తారు. అక్షరం వదలకుండా చదివి వినిపిస్తాను. వేసుకోవచ్చా మానేయాలా అని అడిగితే నాకు తెలియదంటాను, డాక్టరు దగ్గరికే ఎక్కించుకుపోతాను. ఇన్ని పుస్తకాలు చదివి ఇదేనా అని నవ్వుతారు. నవ్వనీ. పొట్లాల చిరునామా నేను చెప్పినవాళ్లలో కొందరిని వెతికి పట్టుకున్నాను, అందరినీ పట్టుకోలేకపోయాను.

అయితే నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ మాత్రలు మాన్పించడం కాదు. అది తెలియక చేశాను. జనగామ వరండాలో మాత్రం నాకు అన్నీ తెలుసు. "మీరు చదవలేదు మేడం, ఆ కాగితం మూసే ఉన్నది" అని ఒక్క మాట అనాల్సింది. అంటే ఆమె అరిచేదేమో, ఏడ్చేదేమో, నన్ను గుమ్మం దిగి పొమ్మనేదేమో. ఆ వంకర వేళ్లను నా ముఖం ముందు పెట్టి, ఇందులో ఎవరిది తప్పో చెప్పమని అడిగేదేమో. అట్లా అడిగే హక్కు ఆమెకు ఉంది. నన్ను కాపాడటానికి ఆమె ఒక అబద్ధం చెబితే, నేను నిమ్మళంగా చాయ్ తాగి, ఆ హక్కును కూడా ఆమెతోనే పోనిచ్చాను.