నోరు తెరిచిన చేపలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఆరేడేళ్లకు, మంచిర్యాల పక్కన మా ఊరి కుంటలో మా ఆయన చేపపిల్లలు వదిలాడు. రవ్వ, బొచ్చె. అవి చేతికొస్తే ఊళ్లోనే ఉంటాడు, లేకుంటే బెల్లంపల్లి బొగ్గుబాయికి పోతాడు. ఆ ఏడు మా ఇంట్లో వేరే మాట లేదు. బాయిలోకి దిగొద్దని పోరు పెట్టింది నేనే కాబట్టి కుంటకు కావలి కూడా నేనే.

చేపలు నెలనుంచీ ఎదుగుబొదుగు లేకుండా ఉన్నాయి, మేత సరిగా ముట్టడం లేదు. వానాకాలం నాలుగు రోజులు మబ్బు విడవలేదు. ఐదోనాడు పొద్దున పోయేసరికి అన్నీ పైకొచ్చి నీళ్లమీద నోళ్లు తెరుస్తూ మూస్తున్నాయి. కంచాల ముందు కూర్చున్న పిల్లల్లా కనిపించి నాకు నవ్వొచ్చింది.

"ఆకలైనట్టుందత్తా," అన్నాను ఇంటికొచ్చి.

"నోరు తెరిచినదానికి లేదనొద్దు. తీస్కపోయి ఇంత ఎయ్యి," అంది అత్త.

మా ఇంటి పద్ధతే అంత. వాకిట్లోకి వచ్చిన కుక్కనైనా ఉత్తగా పంపేవాళ్లం కాదు. గంపెడు తవుడు చల్లాను. మర్నాడు ఇంకా ఎక్కువ తేలాయి. ఇంకో గంపెడు వేసి, పశువుల పెండ కూడా కలిపాను. నిన్నటి తవుడు వేసింది వేసినట్టే ఉంది. ఆకలైనది తినదెందుకని ఒక్కసారన్నా అనుకోలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

మూడోనాడు కుంటనిండా తెల్లటి పొట్టలే. మత్స్యశాఖలో పనిచేసే ఆయన వచ్చి ఒక బొచ్చె మొప్పలు విప్పి చూశాడు.

"ఆకలి గాదమ్మా. నీళ్లల్ల గాలి తక్కువైంది. ఊపిరి కోసం పైకొచ్చినయ్. నువ్వేసిన తవుడు కుళ్లి, ఉన్న గాలి గూడ పోయింది. కొత్తనీళ్లు పెడితే కొన్నన్న బతుకుతుండె."

నాకు ఏడుపు రాలేదు. గంపలకెత్తి పూడ్చాం. చేతులు కడుక్కుని వంట చేశాను. మరుసటి వారం మా ఆయన బాయిలో చేరాడు. ఇల్లు సర్దుకుని మేమూ బెల్లంపల్లికి పోయాం.

మూడేళ్లకు ఆయనకు దగ్గు పట్టుకుంది. ఒకనాడు పొద్దున బాయి నుంచి వచ్చి, నోరు తెరుచుకుని గడపలో కూలబడ్డాడు. నేను గబగబా కంచంలో అన్నం పెట్టి తెచ్చాను.

ఆయన కంచాన్ని చేత్తో పక్కకు జరిపాడు.

"ఆకలి గాదే," అన్నాడు. "జర గాలి ఆడనియ్యి."

కంచం పట్టుకుని పక్కకు జరిగాను.