సంతకం పడని పొలిమేరలు

మా ముత్తాత చింతపల్లికి ఎగువనున్న పదమూడు కొండ ఊళ్ల ముఠాకు పెద్ద, ముఠాదారు. ఆయన తండ్రీ, ఆ తండ్రి తండ్రీ ముఠాదారులే. ఆ ఊళ్ల శిస్తు మా అరుగు మీద జమయ్యేది, తగువు మా అరుగు మీద తీరేది. చైత్రంలో వచ్చే ఇటుకల పండగ వేటలో మా ఇంటివాడు బాణం వేశాకనే మిగతావాళ్లు విల్లు ఎత్తేవారు. మా తాతకు తలపాగా చుట్టడానికి ఒక మనిషి ఉండేవాడు. ముఠాదారీలు రద్దయ్యేనాటికి మా నాన్నకు పెళ్లయి ఏడాది. హక్కులు పోయి పిలుపు మిగిలింది. సంతకు వెళ్లినా, ఆసుపత్రి వరుసలో నిలబడినా జనం ఆయనను దొరా అనే పిలిచేవారు. నేను మండల కేంద్రంలో గుమస్తానయ్యాను. ఆ సంగతి నాన్న ఎవరి దగ్గరా ఎత్తేవాడు కాదు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ముఠా కాగితం ఏదైనా గడప దాటకూడదు. చూడదలచినవాడు వచ్చి మా అరుగు మీద కూర్చుని చూడాలి, ఎంత పెద్ద అధికారైనా సరే. ఇంకొకటి, ఇంటి దొర చేత్తో సంతకం పడనిదే ఊళ్లవాళ్లకు అది కాగితమే కాదు.

అసలు కాగితాలను చెదలు తినేశాయి. మిగిలింది నాన్న జ్ఞాపకం. రెండువేల సంవత్సరం దాటిన తరువాత మూడేళ్లపాటు, ఆఫీసు నుంచి రాగానే ఆయన ఎదుట కూర్చుని ఆయన చెప్పింది కంప్యూటరులో టైపు చేశాను. ఏ ఊరి పొలిమేర ఏ బండ దగ్గర మొదలై ఏ గెడ్డ వాగు దగ్గర తిరుగుతుందో, ఏ పోడు ఎవరి తాతకు ఎందుకు ఇచ్చారో, అంతా. పదమూడో ఊరు పూర్తయిన నెలకు నాన్నకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో సంతకం పెట్టడం నేర్చుకున్నాడు. పలక మీద రోజూ దిద్దేవాడు. పేరులో మొదటి అక్షరం కుదరడానికే పదిరోజులు పట్టింది. అచ్చు తీసిన కాగితాల మీద సంతకం పెట్టి, పదమూడు ఊళ్ల పెద్దలను పిలిచి చదివించాలన్నది ఆయన కోరిక. నోటితో చెప్పలేడు కనుక నన్ను చూసినప్పుడల్లా ఎడమ అరచేతిని కాగితంలా మంచం పట్టె మీద పరిచి, అదే చేతి వేలితో సంతకం గీసి చూపించేవాడు.

అచ్చు తీసే లోపలే పిడుగు పడింది. ఆ వేసవి తొలి వానకు కరెంటు తీగ వెంట వచ్చి మదర్‌బోర్డును కాల్చేసింది. కంప్యూటరులో భాగాలన్నీ వచ్చి తగులుకునే పలక అది. నాన్న చెప్పిన పొలిమేరలున్న హార్డ్ డిస్కు దాని పక్కనే ఉంది. అది బతికిందో లేదో బోర్డు పని చేస్తే తప్ప తెలియదు.

ఆ కంప్యూటరును నేనే బిగించుకున్నాను. విశాఖపట్నంలో భాగాలు విడిగా కొన్నాను కాని రేకు డబ్బా కొనలేదు. ఇంట్లో ఉన్న టేకుపెట్టెకు ఒక పక్క చిల్లులు పొడిచి, బోర్డును చెక్క మీదే మరలు తిప్పి బిగించాను. అది చక్కగా నడిచింది. నాకు తెలిసిన విద్య అంతే, చెక్క మీద నేర్చుకున్నది.

జీపు స్టాండు దగ్గర జిరాక్సు సెంటరు పెట్టిన మైదానపు షావుకారుకు కబురు తెలిసింది. అతని తాత ఉప్పు, బట్టలు కావడి వేసుకొచ్చి మా మెట్ల కింద నిలబడి అమ్మేవాడు. ఈ షావుకారు మా అరుగు దాకా వచ్చి అడిగాడు.

"బాబూ, ఆ డిస్కు ఊడదీసి ఇలాగిచ్చీండి. నా సిస్టంకి తగిలిచ్చీగలను. బతికుంటే గంటలో అచ్చు తీసీవచ్చు."

"ముఠా కాగితం గడప దాటదు," అన్నాను.

"కాగితం కాదు కదండీ, డిస్కు."

"రెండూ ఒకటే."

"మరైతే నా సిస్టాన్నే మోసుకొచ్చీమంటారేటి?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. గడప దాటదన్నందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడను. అనకుండా ఉంటే బాగుండేదని మాత్రం రోజూ అనుకుంటాను.

మర్నాడే విశాఖపట్నం దిగి కొత్త బోర్డు కొన్నాను. దానికి పాత పవర్ సప్లై సరిపడదని, కొత్తది రేకు డబ్బాలోనే అమర్చి వస్తుందని చెప్పి షాపువాడు డబ్బాతో సహా ఇచ్చాడు. బిగించి ఇస్తానన్నాడు. నా పని నాకు తెలుసన్నాను.

ఇంటికి తెచ్చి, బోర్డును డబ్బా గోడకు ఆనించి, చిల్లులు కలిసిన చోట మరలు తిప్పాను. డబ్బాతో ఒక చిన్న ప్లాస్టిక్ పొట్లం వచ్చింది. లోపల ఇత్తడి ముక్కలు. మరలు మిగిలితే ఇచ్చారనుకుని గూట్లో పడేశాను. నాన్న మంచాన్ని బల్ల ఎదుటికి జరిపించుకున్నాడు. స్విచ్చి నొక్కాను. ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే.

మూడు రోజులు దానితోనే గడిచింది. ర్యామ్ ఊడదీసి, దాని పసిడిరంగు అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది తిరిగి పెట్టాను. కార్డులన్నీ పీకేశాను. బోర్డు మీది గుండ్రటి సెల్లు తీసి, కాసేపు ఆగి పెట్టాను. బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఉన్న ఇంగ్లీషును అక్షరం అక్షరం చదివాను. బోర్డు బాగుంటే ఒక చిన్న కూత వినబడాలి. వినబడలేదు. నాన్న పలక మీద సంతకం దిద్దుతూ నన్నే చూసేవాడు.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "ఏటి నాయనా అది, కూత కుయ్యని కోడిపుంజులాగ? ఆ షావుకారుని పిలవరాదా?" అంది.

"మన ఇంటి పని మనం చేసుకోలేమా అమ్మా?"

"సేసుకో. బేగి సేసుకో. మీ అయ్యని సూసేవా, నిన్న గంజి కూడా మింగనేదు."

బోర్డు ఒక్కటీ విప్పి గుడ్డలో చుట్టి మళ్లీ ఘాటీ రోడ్డు దిగి విశాఖపట్నం వెళ్లాను. షాపువాడు దానిని కౌంటరు మీద అట్టపెట్టెపై పరిచి, తన పవర్ సప్లై తగిలించాడు. ఫ్యాను తిరిగింది. కూత వినబడింది.

"బోర్డు శుభ్రంగా ఉందండీ. మీ కొండల మీద కరెంటుకే జొరం వచ్చినట్టుంది," అన్నాడు.

అతని మాట నమ్మి స్టెబిలైజరు కొన్నాను. ఇంటికి వచ్చి, బోర్డును మళ్లీ రేకుకు ఆనించి మరలు ఇంకా గట్టిగా బిగించాను. ఫ్యాను అర చుట్టు కూడా తిరగలేదు. అక్కడ అట్ట మీద నడిచింది ఇక్కడ ఎందుకు నడవదని ఒక్క నిమిషం నిదానంగా ఆలోచించి ఉంటే తెలిసేది. నేను ఆలోచించలేదు. పవర్ సప్లైది తప్పు అనుకున్నాను. మర్నాడు ఉదయం అదీ బోర్డూ విప్పుకుని బయలుదేరుతుంటే నాన్న ఎడమచేత్తో నా చొక్కా అంచు పట్టుకున్నాడు. పని గురించే అనుకుని, "సాయంత్రానికి వచ్చేస్తాను, నాన్నా, ఈసారి ఖాయం," అన్నాను. వేళ్లు నేనే విడిపించాను.

షాపువాడు, "ఏటండీ, మళ్లీ వచ్చీసేరా?" అని రెండూ పరీక్షించాడు. రెండూ బాగున్నాయి. "డబ్బా కూడా తెచ్చీండి బాబూ, ఓసారి సూసీగలను," అన్నాడు. రెండింటినీ మూటగట్టుకుని బయటికి వచ్చేశాను.

తిరుగు జీపు స్టాండులో ఆగేసరికి షావుకారు దుకాణం మూసి బయట నిలబడి ఉన్నాడు. నా చేతిలోని మూట తను అందుకున్నాడు.

"బేగి ఇంటికెళ్లండి బాబూ. దొరగారు మధ్యాన్నమే వెళ్లిపోయేరు."

మంచం పక్కన పలక ఉంది. దాని మీద నాన్న సంతకం పూర్తిగా ఉంది, వంకర లేకుండా. అమ్మ దానిని చెరపనివ్వలేదు. కాని ఎవరో వచ్చి కూర్చుంటూ చీరకొంగు రాసుకుని చెరిగిపోయింది.

నాలుగో రోజున షావుకారు పలకరించడానికి వచ్చాడు. నేను అతన్ని లోపలికి పిలిచాను. మా ఇంట్లో అతనివాళ్లెవరూ ఆ గది చూసి ఉండరు. బల్ల మీద విప్పి పడేసిన డబ్బాను చూశాడు, తరువాత గూట్లో పొట్లాన్ని చూశాడు.

"బాబూ, ఇది విప్పనేదేటి?"

"మిగులు మరలు కదా."

"మరలు కాదండీ, కాళ్లు. ముందు ఈ ఇత్తడి కాళ్లు డబ్బాకి బిగించి, బోర్డుని వాటి మీద నిలబెట్టాల. బోర్డు ఈపు రేకుకి తగిలితే కరెంటు దారి తప్పేత్తాది."

"నేను ఇన్నేళ్లూ చెక్కకు ఆనించే బిగించాను."

"చెక్కకి పరవానేదు. చెక్క కరెంటు పుచ్చుకోదు కదా బాబూ." ఆ మాట చాలా మెల్లగా అన్నాడు.

ఆరు ఇత్తడి కాళ్లు. ఇద్దరం కలిసి బిగించాం. స్విచ్చి నొక్కగానే కూత వినబడింది. డిస్కుకు ఏమీ కాలేదు. పదమూడు ఊళ్లూ వరుసగా తెరమీదికి వచ్చాయి. ఇంట్లో ఉన్న ప్రింటరు మీద అచ్చు తీయడానికి ఆ మధ్యాహ్నం పట్టింది. షావుకారు ఒక్క అక్షరమైనా చదవకుండా కాగితాలు సర్ది నా చేతికిచ్చి వెళ్లాడు.

నాన్న పెద్దదినానికి తొమ్మిది ఊళ్ల నుంచి పెద్దలు వచ్చారు. మిగతా నాలుగు ఊళ్లవాళ్లు ఎందుకు రాలేదో నేను అడగలేదు. అరుగు మీద నిలబడి మొదటి ఊరి పొలిమేర చదివాను. అందరూ తల వంచుకుని విన్నారు. రెండో ఊరు మొదలుపెట్టబోతుంటే ఒక ముసలాయన లేచి వచ్చి, నా చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన చదువుకోలేదు, కాని సంతకం ఎక్కడుండాలో తెలుసు.

"దొర సెయ్యేది బాబూ?"

"పెట్టే లోపలే పోయారు. మాటలు ఆయనవే, తాతా. నేను టైపు చేశానంతే."

"అవుద్ది కావాల," అన్నాడు. కాగితాన్ని జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, "అయితే ఇది నువ్వు సెప్పిన మాటే అవుద్ది గాని దొర మాట ఎలాగవుద్ది? మా పిల్ల గుంటలు రేపు తగువు పడితే దీన్ని సూపించి ఏటనాల?" అన్నాడు.

ఆయన తప్పేమీ అనలేదు. ఆ నియమం మా ఇల్లు పెట్టిందే. రెండో ఊరు చదవలేదు. కాగితాలు మడిచి లోపల పెట్టి వచ్చి, విస్తళ్లు వేయించాను. అందరూ కడుపునిండా తిన్నారు, అమ్మకు చెప్పి చీకటి పడకముందే కొండదారి పట్టారు.

ఆ భోజనాలకు బియ్యం, మేకలు కొనడానికి మా కాఫీ తోటకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లన్నింటినీ నిలువునా అమ్మేశాం.