పక్క సీట్లో రాగుల మూట

కేజీఎఫ్‌లో మా గని కార్మికుల లైన్ ఇళ్ల వెనక షెడ్డులో నేనొక కారు కట్టాను. అడుగున పాత జీపు చాసిస్, పైన నా చేత్తో పోసిన ఫైబర్ బాడీ. గాలికి అడ్డం లేకుండా జారిపోవాలని ముక్కు పల్చగా, వీపు నున్నగా దిద్దాను. చూసినవాళ్లంతా ముచ్చటపడ్డారు. ఆ నునుపు కింద ఏముందో నాకు మాత్రమే తెలుసు. చాసిస్ ఎడమ పక్క తుప్పు తిన్నచోట కోసి, కొత్త ముక్క పెట్టి అతికించింది నేనే. ఆ అతుకు నిలుస్తుందా అని అన్నం ముందు కూర్చున్నా అదే భయం. పైకి మాత్రం మేకపోతు గాంభీర్యం.

మా మామ గనిలోకి మనుషుల్ని దించే కేజ్ నడిపినవాడు. ఏదైనా మరమ్మతు జరిగితే ముందు ఉత్త బరువు పెట్టి ఒకసారి దించి తెచ్చాకే మనుషుల్ని ఎక్కించేవారట. నేనూ ఆ పద్ధతే పాటిద్దామని, పక్క సీట్లో రాగుల మూట పెట్టి బెల్టు బిగించి, స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

నా భార్య వచ్చి చూసింది.

"మా నాయన మొదట మనిషి లేని కేజే దించేవాడు. ఈడ నువ్వు కూర్చోనుండావే, నువ్వు మనిషివి కాదా?"

నవ్వేశాను. ఆమె నవ్వలేదు. మూటను కిందికి ఈడ్చి, దాని చోట తానే కూర్చుంది. దిగమని బతిమాలాను, కోప్పడ్డాను. వింటేనా!

బేతమంగళ రోడ్డు ఖాళీగా ఉంది. వేగం పెంచేకొద్దీ నా చెవులు రెండూ ఆ అతుకు మీదే. ప్రమాదం మాత్రం ఇంకో వైపు నుంచి వచ్చింది. ముక్కు కింద దూరిన గాలి బండిని పైకెత్తసాగింది. స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది; తిప్పినా బండి తిరగలేదు. ఎదురుగా పాల లారీ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె చీర కొంగును గుప్పిట్లో నలిపేస్తోంది. మెల్లగా యాక్సిలరేటర్ వదిలాను. ముక్కు దిగింది, చక్రాలకు మళ్లీ పట్టు దొరికింది. లారీ హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది.

బండిని పక్కకు ఆపాను. ఆమె కూర్చున్న సీటు అంచు పట్టుకున్నాను.

"ఈ సీటు పెరికేస్తాను. ఇంక నిన్ను ఎక్కించను," అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పెరికితే రెండు సీట్లూ పెరుకప్పా. నిన్ను ఒక్కణ్ణే పంపించి ఇంట్లో కూర్చునేది నా చేత కాదు."